ఎలుగు కనిపిస్తే కారు ఆపకండి

(కాల్గరీలో తెలుగువారి వేసవి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. పొద్దుటి నుంచి వంటలూ వడ్డనలూ చూసుకుంటున్న వాలంటీర్లకు ముందుగా ఒక దండం. వేదిక మీది పెద్దల పేర్లు ఒక్కొక్కటే చదవను. వారేమీ అనుకోరని నా నమ్మకం.

నాకిచ్చిన అంశం "రాకీ పర్వతాల్లో ఒంటరిగా కారు ప్రయాణం". ఏ సరస్సుకు ఎన్నింటికి వెళ్లాలి, ఎక్కడ దిగాలి, ఇవి చెప్పమన్నారు. చెప్తాను. కానీ దానికన్నా ముందు ఒక తెల్ల ఎలుగుబంటి సంగతి చెప్పాలి.

ఈ రాకీల్లోనే ఉన్న యోహో నేషనల్ పార్కులో ఒక ఆడ గ్రిజ్లీ ఎలుగు ఉండేది. గ్రిజ్లీ అంటే సాధారణంగా గోధుమ రంగు. దీని ఒళ్లు తెలుపు. పార్కు రికార్డుల్లో దాని నంబరు 178, జనం పెట్టుకున్న పేరు నకోడా. వసంతంలో పైన కొండల మీద మంచు కరగదు. రోడ్డు పక్కన ఎండ తగిలే చోట మాత్రం డాండిలయన్ అనే పసుపుపూల మొక్క ముందుగా మొలుస్తుంది. ఎలుగులకు అది ఇష్టమైన మేత. నకోడా హైవే పక్కనే మేసేది. జంతువులు రోడ్డు మీదికి రాకుండా వేసిన కంచె ఎక్కడం కూడా నేర్చుకుంది. తెల్ల ఎలుగు కనిపిస్తే ఊరుకుంటామా? ఒక కారు ఆగుతుంది, దాని వెనక పది ఆగుతాయి. పార్కు వాళ్లు ఆ భాగంలో ఆగకూడదని బోర్డులు పెట్టారు, బళ్ల వేగ పరిమితి తగ్గించారు, గంటల తరబడి కాపలా కాశారు.

2024 జూన్ 6 పొద్దున దాని రెండు పిల్లలు కారు కింద పడి చనిపోయాయి. అదే రోజు సాయంత్రం సిబ్బంది అక్కడే కంచె బాగుచేస్తున్నారు. పక్కన పట్టాల మీద రైలు వచ్చింది. నకోడా బెదిరి రోడ్డు మీదికి ఉరికింది. ఎదురుగా రెండు బళ్లు. మొదటిది తప్పించింది. రెండోదానికి ఆగే వ్యవధి లేకపోయింది. దెబ్బ తిని, కొంచెం కుంటుతూ, కంచె ఎక్కి అడవిలోకి వెళ్లిపోయింది. బతుకుతుందనుకున్నారు. జూన్ 8న మెడలోని జీపీఎస్ పట్టీ నుంచి కదలిక ఆగిపోయిందని సంకేతం వచ్చింది. లోపలి గాయాలతో చనిపోయింది.

ఇప్పుడు దారి సంగతి.

బాన్ఫ్ దాటి లేక్ లూయిస్ దాకా మీరు వెళ్లే ఒకటో నంబరు హైవేకు రెండు వైపులా 2.4 మీటర్ల ఎత్తు కంచె ఉంది. జంతువులు దాటడానికి రోడ్డు పైన 6 వంతెనలు, కింద 38 దారులు కట్టారు. దానివల్ల జంతువులను బళ్లు గుద్దడం 80 శాతానికి పైగా తగ్గింది. ఎల్క్‌లు అనే పెద్ద దుప్పులు, జింకల విషయంలో అయితే 96 శాతానికి పైగా. ప్రపంచమంతా వచ్చి చూసి నేర్చుకుంటున్న పని ఇది. అయితే లేక్ లూయిస్ దాటాక జాస్పర్ వైపు 93వ నంబరు రోడ్డు, అదే ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే ఎక్కగానే ఆ కంచె ఉండదు. అప్పటిదాకా కంచెల మధ్య గంటకు 90 కిలోమీటర్ల వేగానికి అలవాటుపడిన కాలు, అదే 90 బోర్డు చూసి అదే ధీమాతో నొక్కుతుంది. ఈ మలుపు దగ్గరే మనసు మార్చుకోవాలి.

జాస్పర్ దాకా సుమారు 230 కిలోమీటర్లు. మధ్యలో పెట్రోలు దొరికేది ఒక్క సస్కచ్వాన్ రివర్ క్రాసింగ్ దగ్గరే, అదీ చలికాలంలో మూసేస్తారు. లేక్ లూయిస్‌లోనే ట్యాంకు నింపుకోండి. ఫోన్ సిగ్నల్ దారిలో చాలా మటుకు ఉండదు. మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. శాటిలైట్‌తో సందేశం పంపే ఫోన్ గానీ పరికరం గానీ ఉంటే, పంపడం ఎలాగో ఇంటి దగ్గరే నేర్చుకుని బయలుదేరండి. నవంబరు 1 నుంచి ఏప్రిల్ 30 దాకా ఈ రోడ్డు మీద శీతాకాలపు టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. మొరైన్ లేక్‌కు 2023 నుంచి సొంత కార్లు పోనివ్వరు. షటిల్ బస్సుకు ముందుగా బుక్ చేసుకోవాలి. సరస్సుల గురించి ఇంత చాలు, మిగతాది బోర్డులే చెప్తాయి.

ఒంటరిగా వెళ్లేవారికి ఉన్న అసలు చిక్కు ఇది: పక్క సీటులో "అదిగో, కుడివైపు" అనేవాళ్లు ఉండరు. చూడాల్సిందీ నడపాల్సిందీ ఒకే జత కళ్లు. కొండలు చూడాలనిపిస్తే పార్కింగ్ ఉన్న వ్యూపాయింట్ దాకా ఆగండి. బో సమ్మిట్ ఉంది, రెండు వేల మీటర్లకు పైన. కొలంబియా ఐస్‌ఫీల్డ్ ఉంది. అథబాస్కా గ్లేసియర్ ఏయే ఏడాది ఎక్కడిదాకా ఉండేదో తెలిపే గుర్తులు నడిచే దారి పక్కన పాతారు. ఒక్కో గుర్తు దగ్గర నిలబడి మంచు ఎంత వెనక్కి పోయిందో చూడండి, తొందరపడకండి. తాడు కట్టిన హద్దు దాటి మాత్రం మంచు మీద కాలు పెట్టకండి. పైన గట్టిగా కనిపించే మంచు కింద లోతైన పగుళ్లు ఉంటాయి.

ఒక్కమాట అడుగుతాను. వచ్చే లాంగ్ వీకెండ్‌కు జాస్పర్ పోతున్నవాళ్లు చేతులెత్తండి. చాలామందే. వాళ్లలో ఇండియా నుంచి వచ్చి ఏడాది నిండని పిల్లలు? సరే, ఈ లెక్క మీకోసమే.

90 వేగంలో బండి సెకనుకు 25 మీటర్లు పోతుంది. కళ్లు చూసి కాలు బ్రేకు మీదికి వచ్చేసరికి సెకనున్నర, అంటే 37 మీటర్లు. పొడి రోడ్డు మీద బ్రేకు పట్టి ఆగడానికి ఇంకో 45. మొత్తం 80 మీటర్లు దాటింది. రాత్రి లో బీమ్ వెలుతురులో తిన్నగా కనిపించేది 50, 60 మీటర్లే. అంటే జంతువు కనిపించేటప్పటికే ఆలస్యమైపోయింది. 60కి తగ్గిస్తే సుమారు 45 మీటర్లలో ఆగుతారు. వాన పడితే ఇదీ చాలదు. ఎదురుగా బండి లేనంతసేపు హై బీమ్ వేయండి. ఇక్కడ జూన్ నెలలో పొద్దు గూకేది రాత్రి పది గంటలప్పుడు. మన ఊళ్లలో ఆరున్నర సంధ్య అలవాటైనవాళ్లకు తొమ్మిదిన్నర అంటే ఇంకా వెలుగే కదా అనిపిస్తుంది. ఎల్క్‌లు, జింకలు కదిలేది ఆ వేళే.

మూస్ అనే భారీ దుప్పి సంగతి వేరు. 400 కిలోల పైన బరువు, పొడుగు కాళ్లు. లో బీమ్ కాళ్ల వరకే పడుతుంది, కళ్లు వెలుగుకు పైన ఉంటాయి కాబట్టి మెరవవు. గుద్దితే కాళ్లు విరిగి ఒళ్లంతా అద్దం మీదికి వచ్చి పడుతుంది. జింక అడ్డొస్తే స్టీరింగ్ గట్టిగా పట్టుకుని తిన్నగా బ్రేకు వేయండి. పక్కకు తిప్పితే లోయో, ఎదురు లారీయో. ఒక ఎల్క్ దాటిందంటే వెనక ఇంకోటి వస్తుందనే అనుకోండి. రోడ్డు మీది ఉప్పు నాకడానికి అడవి పొట్టేళ్లు వచ్చి నిలబడతాయి. హారన్ అక్కర్లేదు, ఆగి దారివ్వండి.

మళ్లీ నకోడా దగ్గరికే వస్తున్నాను, మన్నించండి. కార్యక్రమం ఆలస్యమవుతోందని నిర్వాహకులు చూస్తున్నారు, తెలుసు. ఎలుగు కనిపించినప్పుడు మీరు ఆపిన ఆ రెండు నిమిషాలు దానికి ఏం నేర్పుతాయి? బళ్లు ప్రమాదం కాదని. మనుషులు పక్కనే ఉంటారని. రేపు అది ఇంకో బండికి అంతే దగ్గరగా వస్తుంది. కాబట్టి ఆపకండి. వేగం తగ్గించి, హజార్డ్ లైట్లు వేసి, చూస్తూ దాటిపోండి. మీకు కనిపించింది చాలదా? కారు దిగితే మరీ తప్పు. ఎలుగులకు, తోడేళ్లకు 100 మీటర్లు, ఎల్క్‌లకు, మూస్‌కు 30 మీటర్లు దూరం ఉండాలని నియమం. జంతువుల జోలికి పోయినా, మేత పెట్టినా జరిమానా 25,000 డాలర్ల దాకా ఉంది. పులిహోర పొట్లం, ఆవకాయ సీసా, చెత్త సంచి, ఏదైనా కారు లోపలే, అద్దాలు మూసి. క్యాంపులో టెంటు బయట వాసన వచ్చేది ఏదీ వదలకండి.

ఇక బేర్ స్ప్రే, అంటే ఎలుగు మీదికొస్తే దాని ముఖాన కొట్టే కారపు మందు డబ్బా. బ్యాగులో పెట్టుకుంటే లేనట్టే, నడుముకు ఉండాలి. ఎండలో కారులో వదిలేస్తే డబ్బా పేలవచ్చు. గడువు తేదీ చూడండి. ఒంటి మీదా టెంటు మీదా చల్లుకునేది కాదది, ఆ వాసనకే ఎలుగులు వస్తాయి. వాడాల్సి వస్తే సేఫ్టీ క్లిప్ బొటనవేలితో వెనక్కి లాగి, ఎలుగు పది మీటర్ల లోపుకు వచ్చాకే, దాని ముఖం ముందు కొంచెం కిందికి గురిచూసి కొట్టాలి. గాలి మీ వైపు వీస్తుందేమో గమనించాలి. విమానంలోకి దీన్ని అనుమతించరు, లగేజీలో కూడా.

మందు లేని, సాధన కోసం చేసిన డబ్బాలు నాలుగు తెచ్చాను. భోజనాలయ్యాక పార్కింగ్ దగ్గరికి రండి. జాస్పర్ వెళ్తున్నామని చేతులెత్తినవాళ్లంతా ఒక్కొక్కరే క్లిప్ లాగి చూపించాలి. ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో కాగితం మీద రాసి ఇంట్లో ఎవరికి ఇచ్చారో కూడా అక్కడే అడుగుతాను.