వేపరైజర్ కోసం గ్రైండర్: ఎంచుకోవడం, శుభ్రం చేయడం

నమస్కారమండీ. వేపరైజర్ అంటే గంజాయిని కాల్చకుండా వేడిచేసి ఆవిరి పీల్చే పరికరం. అందులో ఆవిరి పల్చగా వస్తే చాలామంది ముందు వేడి పెంచేస్తారు. ఎక్కువసార్లు తేడా వేడిలో ఉండదు, నలిపిన తీరులో ఉంటుంది. అందుకే ఈరోజు గ్రైండర్, అంటే మొగ్గని చేత్తో తిప్పి నలిపే, లోపల పళ్ళుండే చిన్న డబ్బా సంగతి చూద్దాం. గంజాయికి చట్టం ఒప్పుకున్నచోట ఉండే పెద్దవాళ్ళ కోసమే ఈ వీడియో.

వేపరైజర్‌లో మంట ఉండదు. దాదాపు 160 నుంచి 220 డిగ్రీల సెల్సియస్ వేడి మాత్రమే తగులుతుంది. ముక్కలన్నీ ఒకే సైజులో లేకపోతే సన్నవి ముందే మాడిపోతాయి, లావువి లోపల పచ్చిగా మిగిలిపోతాయి. వాడాక చాంబర్ ఖాళీ చేసి చూడండి. గోధుమరంగు పొడి మధ్యలో పచ్చటి ముక్కలు కనిపిస్తే గ్రైండర్ సరిగ్గా పనిచేయడం లేదన్నమాట.

ఎంత సన్నగా నలపాలి? అది మీ వేపరైజర్‌ని బట్టి ఉంటుంది. చాంబర్ గోడే వేడెక్కే కండక్షన్ రకమైతే పొడి గోడకు బాగా ఆనాలి, కాబట్టి దాదాపు ఒక మిల్లీమీటరు సైజు చాలు. వేడిగాలి పొడి గుండా వెళ్ళే కన్వెక్షన్ రకానికి రెండు మూడు మిల్లీమీటర్ల ముక్కలు నయం, గాలికి దారి కావాలి కదా. మరీ పిండి చేశారంటే పీల్చేటప్పుడు గాలి సరిగ్గా ఆడదు, ఆ పిండి జల్లెడలోంచి నోట్లోకి కూడా వస్తుంది.

ఇక కొనేటప్పుడు. నా ఓటు స్టెయిన్‌లెస్ స్టీల్‌కి. బరువెక్కువ, ధర ఎక్కువ, కానీ పైపూత అంటూ ఉండదు కాబట్టి రాలేదీ ఉండదు. అంత పెట్టలేకపోతే అనోడైజ్ చేసిన, అంటే విద్యుత్తుతో పైన గట్టి పొర ఏర్పరిచిన అల్యూమినియం తీసుకోండి. రంగేసిన జింక్ మిశ్రమం జోలికి మాత్రం పోవద్దు. పళ్ళు రాసుకునేచోట రంగు పెచ్చులూడుతుంది. చేతిలో బరువుగా ఉంది కదా అని మోసపోకండి, జింక్ అల్యూమినియం కన్నా రెండున్నర రెట్లు బరువు. అయస్కాంతంతో పరీక్షిద్దామంటే జింకూ అంటుకోదు, అల్యూమినియమూ అంటుకోదు. కొత్తది ఏదైనా సరే, తెల్లటి గుడ్డకి ఆల్కహాల్ అద్ది పళ్ళన్నీ, మరలన్నీ తుడవండి. బూడిదరంగు మరక వస్తే మళ్ళీ కడిగి తుడవండి. మూడోసారి కూడా వస్తుంటే వెనక్కిచ్చేయండి.

మూత మూసి ఖాళీగా తిప్పి చూడండి. గరగరమంటే లోహం మీద లోహం రాసుకుంటోందని అర్థం. మంచివాటిలో మూత అంచున నైలాన్ రింగు ఉంటుంది. రెండు ముక్కల గ్రైండరైతే కడగడం తేలిక, పైగా ఎంతసేపు తిప్పితే అంత సన్నగా నలుగుతుంది. నాలుగు ముక్కల దాంట్లో పొడి రంధ్రాల గుండా కింది అరలోకి పడుతుంది, దాని అడుగున సన్నని జల్లెడ కీఫ్‌ని, అంటే మొగ్గ మీంచి రాలే సన్నటి జిగురు పొడిని వేరు చేస్తుంది. ఇక్కడ ముక్క సైజు తేల్చేది ఆ రంధ్రాల సైజే. ఇంకా సన్నగా కావాలంటే గ్రైండర్‌ని బోర్లించి తిప్పండి, పొడి రంధ్రాల్లోంచి జారిపోకుండా పళ్ళ మధ్యే ఉండి ఇంకా నలుగుతుంది.

నలిపే పద్ధతి. కాడలు, గింజలు తీసేయండి. మొగ్గని చేత్తో చిన్నచిన్న ముక్కలు చేసి, సగానికి మించకుండా నింపండి. నట్టనడుమ పెట్టకండి, అక్కడ అయస్కాంతం ఉంటుంది, పళ్ళుండవు. పది పదిహేను తిప్పులు చాలు. బిగుసుకుంటే బలం పెట్టొద్దు, రెండు తిప్పులు వెనక్కి, మళ్ళీ ముందుకి. మొగ్గ తడిగా ఉంటే నలగదు, పళ్ళకి ముద్దలా అంటుకుంటుంది. మరీ ఎండితే పిండైపోతుంది. 58 నుంచి 62 శాతం తేమని నిలిపి ఉంచే ప్యాకెట్ డబ్బాలో వేసి ఉంచితే రెండు బాధలూ ఉండవు. వాడే ముందే నలపండి, నలిపి నిలవుంచితే వాసన పోతుంది.

ఇప్పుడు శుభ్రం చేయడం. మూత తిరగడం బరువైందంటే మరల్లో జిగురు చేరినట్టే. విడదీసి, ఒక కవర్లో పెట్టి, అరగంట ఫ్రీజర్‌లో ఉంచండి. చల్లబడ్డ జిగురు పెళుసవుతుంది. తీసిన వెంటనే గట్టి బ్రష్‌తో దులపండి, ఆలస్యమైతే తేమ పట్టి మళ్ళీ అంటుకుంటుంది. జల్లెడకి మాత్రం మెత్తటి బ్రష్ వాడండి, సూదితో గుచ్చితే కన్నం పెద్దదైపోతుంది.

మిగిలిన జిగురుకి నీళ్ళు పనికిరావు, అందులో అది కరగదు. 91 శాతం లేదా ఆపైన ఉన్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తీసుకోండి. 70 శాతందీ పనిచేస్తుంది, కాకపోతే నెమ్మదిగా. లోహపు ముక్కల్ని ఇరవై ముప్పై నిమిషాలు నానబెట్టి, టూత్‌బ్రష్‌తో రుద్దండి. రాత్రంతా నాననివ్వకండి, అయస్కాంతాన్ని పట్టి ఉంచే జిగురు వదిలిపోవచ్చు. కిటికీలు తెరిచి ఉంచండి, దగ్గర్లో పొయ్యి గానీ లైటర్ గానీ వద్దు, దాని ఆవిరి చటుక్కున అంటుకుంటుంది. యాక్రిలిక్ (ప్లాస్టిక్) గ్రైండర్‌ని ఇందులో ముంచితే పగుళ్ళు వస్తాయి, దానికి గోరువెచ్చని నీళ్ళు, గిన్నెల సబ్బే గతి.

మరగబెట్టొద్దు. మామూలు నియోడిమియం అయస్కాంతం 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతుంది. అల్యూమినియం దాన్ని డిష్‌వాషర్‌లో వేస్తే ఆ క్షారపు పొడి పైపొరని తినేస్తుంది. మరలకి నూనె రాయడం కూడా వద్దు, అది పొడిలో కలిసి మీ ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది.

సబ్బునీళ్ళతో కడిగాక, ఆల్కహాల్ వాసన పూర్తిగా పోయేదాకా విడివిడిగా ఆరబెట్టండి. బిగించేటప్పుడు మొదట వెనక్కి తిప్పండి, టక్‌మని మర కూర్చున్నట్టు తెలుస్తుంది, అప్పుడు ముందుకి తిప్పండి. వంకరగా ఎక్కిన మర ఒకసారి అరిగితే ఇక బాగుపడదు.