వాగ్గేయకారుడి పారితోషికం ఏ పద్దులో రాస్తారు?

సభకు నమస్కారం. అధ్యక్షులవారు, కార్యదర్శిగారు, పెద్దలు అని వరస మొదలుపెడితే నాకిచ్చిన పది నిమిషాలూ అక్కడే అయిపోతాయి. అందరికీ కలిపి ఒకటే దండం.

'నేటి వాగ్గేయకారుడు, జీవనోపాధి' మీద మాట్లాడమన్నారు. వాగ్గేయకారుడంటే మాటా, బాణీ రెండూ తానే కట్టే నాలాంటివాడు. పాఠం చెబితే ఉపాధి ఉంది, కచేరీ పాడితే ఉంది. కృతి కడితే మాత్రం లేదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు కుర్రతనంలోనే 72 మేళకర్తల్లోనూ, అంటే మూలరాగాలన్నిట్లోనూ, కృతులు కట్టారు. అంతటివారూ విజయవాడ రేడియోలో పనిచేశారు, కచేరీలు చేశారు, 1967లో 'భక్త ప్రహ్లాద'లో నారదుడి వేషం వేశారు. వాగ్గేయకారులు మైసూరు వాసుదేవాచార్యులవారికి మైసూరు రాజుల ఆస్థానం ఉండేది. పెద్ద వయసులో మద్రాసులోని నాట్యసంస్థ కళాక్షేత్రం పిలిచి రామాయణ నృత్యనాటకాలకు సంగీతం చేయించుకుంది. ఇవాళ మాకు ఆస్థానమంటే డాన్సు టీచర్లే.

డబ్బడిగితే వెంటనే 'నిధి చాల సుఖమా' అంటారు, డబ్బు సుఖమా రాముడి సేవ సుఖమా అన్న త్యాగయ్యగారి కృతి. త్యాగయ్యగారు తంజావూరు రాజు శరభోజి పిలుపు కాదన్నారని చెబుతారు, పాడుకుంటూ వీధుల్లో బియ్యం అడిగే ఉంఛవృత్తికి వెళ్లారు. నాకూ బియ్యం వేసే వీధి చూపించండి, వెళతాను!

ఒక ఊళ్లో డాన్సు నేర్చుకున్న పిల్ల రంగప్రవేశం, అంటే తొలి ప్రదర్శన. షణ్ముఖప్రియ రాగంలో పదవర్ణం, అంటే నాట్యానికి పాడే పెద్ద రచన, కావాలన్నారు, రాశాను. జతులకు, అంటే అడుగుల వరసలకు, చోటు చాల్లేదంటే అందులోని స్వరభాగం, ముక్తాయిస్వరం, తిరగరాశాను. ఆహ్వానపత్రికలో గాత్రం, మృదంగం, మేకప్, లైటింగ్, ఆఖరికి పూల అలంకరణ చేసినాయన పేరూ ఉంది. నా పేరు లేదు. పోనీలే, సాహిత్యంలో ముద్ర, అంటే నా సంతకం లాంటి మాట, ఉందిగా అనుకున్నా. ముఖ్య అతిథి ప్రసంగం సాగిపోయిందని చరణం ఎత్తకుండానే వర్ణం ముగించేశారు. నా ముద్ర ఉన్నది చరణంలో! కార్యక్రమమయ్యాక పాడినావిడ వచ్చి, "వర్ణం చాలా బాగుంది మాస్టారూ, పాతదా?" అని అడిగింది. పాపం ఆవిడ తప్పేం లేదు. ఆవిడ చేతిలో ఉన్న నొటేషన్, స్వరాలు రాసిన కాగితం, చూశాను. పైన నా పేరున్న వరస మడిచి జిరాక్సు తీశారు.

1957 కాపీరైటు చట్టం ఉంది. బతికున్నన్నాళ్లూ, పోయాక మరో 60 ఏళ్లూ రచన మనదే. కోర్టుకెళ్లొచ్చు. వెళితే రేపు ఇంకో వర్ణం ఎవరడుగుతారు?

డాన్సు నేర్పే అమ్మలు ముందు వరసలోనే ఉన్నారు, అందుకే చెబుతున్నా. హాలు అద్దె, వీడియో, భోజనాలు రాసే కాగితంలో రచనకో పద్దు వేయండమ్మా. పిల్ల తల్లిదండ్రులు కాదనరు, అడిగేవాళ్లే లేరు.

కొత్తగా రాస్తున్న పిల్లలూ, సగం డబ్బు ముందే పుచ్చుకోండి. నొటేషన్ ప్రతి పేజీ మధ్యలో పేరు రాయండి, అంచున కాదు. నేనైతే ఇప్పుడు ముద్ర పల్లవిలోనే పెట్టేస్తున్నాను. కోస్తే ఇంక వర్ణమే ఉండదు.