తుపాకీ లైసెన్సు మనిషికే, ఇంటికి కాదు

పెద్దలకు, అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

దేవరకొండ, చందంపేట, అచ్చంపేట, అమ్రాబాద్ దిక్కు నుంచి వచ్చిన రైతులే ఈ సభలో ఎక్కువ. అందుకని చట్టాన్ని మొదటి సెక్షన్ నుంచి చదవను. మన ఊళ్లలో తుపాకీ ఎక్కడుంటది, ఎవరి చేతిలోకి పోతది అన్నకాడ మొదలుపెడతాను.

నల్లగొండకు తుపాకీ కొత్తది కాదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను కాల్చి చంపిన నాటికి ఆ ఊరు నల్లగొండ జిల్లాలోదే. ఆ తర్వాత 1951లో తెలంగాణ సాయుధ పోరాటం విరమించేదాకా బర్మార్లు, అంటే మూతి నుంచి మందు దట్టించే నాటు తుపాకులు, ఈ నేల మీద ఎన్ని చేతులు మారాయో లెక్కలేదు. ఇప్పుడు మనకు వర్తించేది 1959 నాటి ఆయుధాల చట్టం. 2016లో దాని కింద కొత్త నిబంధనలు వచ్చాయి, 2019లో పార్లమెంటు శిక్షలు బాగా పెంచింది. అన్నీ కలిపి చదివితే తేలేది ఒక్కటే: ప్రభుత్వం లైసెన్సు ఇచ్చేది ఒక మనిషికి. ఆయన ఇంటికి కాదు, కొడుకులకు కాదు, పొలానికి కాదు. తుపాకీ ఆ మనిషి చేతి నుంచి జారి ఇంకొకరి చేతిలో పడ్డప్పుడే మన దగ్గర ఎక్కువ కొంపలు మునుగుతున్నాయని నా అభిప్రాయం.

ముందు పంట సంగతి చూద్దాం. మక్క, పల్లి వేసినోళ్లకు అడవిపంది బాధ ఎవరూ చెప్పనక్కర్లేదు. పంట కాపాడుకోవడానికి మందు దట్టించి పేల్చే బర్మారుకు లైసెన్సు అడిగే హక్కును సెక్షన్ 13 గుర్తించింది. దరఖాస్తు జిల్లా కలెక్టరుకు పెట్టాలి, కమిషనరేట్ ఉన్నచోట పోలీస్ కమిషనర్‌కు. ఫారం ఏ-1, వైద్య ధ్రువపత్రం, ఆయుధాన్ని భద్రంగా వాడే శిక్షణ సర్టిఫికెట్ జతచేయాలి. తర్వాత పోలీసు విచారణ ఉంటది. ఆస్తి లేదన్న ఒక్క కారణంతో నిరాకరించడానికి లేదని చట్టంలోనే రాసి ఉంది. నిరాకరిస్తే కారణం కాగితం మీద రాయాలి, దాని మీద అప్పీలు ఉంది. ఇరవై ఒక్క ఏళ్లు నిండనోళ్లకు ఇవ్వరు. హింస కేసులో జైలుశిక్ష పడ్డవాళ్లకు శిక్ష ముగిసినంక ఇంకో ఐదేళ్లు నిషేధం. బైండోవర్ అయినోళ్లు, అంటే గొడవ చేయమని అధికారి ముందు బాండు రాసిచ్చినోళ్లు, ఆ బాండు గడువు తీరేదాకా తుపాకీ ఉంచుకోవద్దు. ఈ చివరిది చాలామందికి తెల్వదు. ఊళ్లో ఎలక్షన్ తగాదాలో బైండోవర్ అయిన పెద్దమనిషి ఇంట్ల తుపాకీ అట్లనే వేలాడుతుంటది.

నల్లమల అంచున ఉన్నవాళ్లకు ఇంకో మెలిక ఉంది. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపల కొత్త తుపాకీ లైసెన్సు ఇవ్వాలంటే రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణ అధికారి సమ్మతి ముందే తీసుకోవాలి. అక్కడ పాత లైసెన్సు ఉన్నవాళ్లు అటవీశాఖలో పేరు నమోదు చేయించుకోవాలి. అభయారణ్యంలోకి ఆయుధంతో పోవాలంటే రాతపూర్వక అనుమతి కావాలి. అన్నిటికంటే ముఖ్యం, లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కాల్చే అధికారం రాదు. దానికి అటవీశాఖ అనుమతి వేరే. తుపాకీ కాగితం ఒక ఆఫీసుది, పంది కాగితం ఇంకో ఆఫీసుది. మొదటిది జేబులో పెట్టుకొని రెండోదాంట్లో ఇరుక్కున్న రైతుకు కోర్టులో చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

ఇగ బర్మారు పనితనం. దీంట్లో మందు, గుడ్డ, రవ్వలు (చిన్న గుండ్లు) మూతి నుంచే దట్టిస్తారు. ఒకసారి దట్టించినంక దాన్ని మామూలు తుపాకీ లెక్క విప్పి ఖాళీ చేయడం కుదరదు. అదే దాని అసలు ప్రమాదం. రాత్రి మంచె మీద దట్టించిన తుపాకీని పొద్దున అట్లనే ఇంటికి తెచ్చి మూలకు ఆనిస్తారు. మూడు రోజులకు ఎవరో ఖాళీదే అనుకొని తీస్తారు, లేదా దట్టించిందాని మీదే మళ్లీ దట్టిస్తారు. రెండోసారి పేల్చినప్పుడు గొట్టం చీలి ఎడమచెయ్యి, కండ్లు పోతాయి. ఖాళీ బర్మారులో దట్టించే కడ్డీ అడుగుదాకా దిగుతుంది. మూతి దగ్గర కడ్డీ మీద ఒక గీత పెట్టుకోండి. గీత పైకి కనబడిందంటే లోపల మందు ఉన్నట్టే.

వానాకాలంలో మందు చెమ్మగిల్లుతుంది. మీట నొక్కితే టోపీ (మందుకు నిప్పంటించే చిన్న మూత) టప్పుమంటది, తుపాకీ పేలదు. అప్పుడు మూతిలోకి తొంగిచూసినవాళ్లు ఉన్నారు. మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. మూతిని మనుషులు లేని దిక్కు తిప్పిపెట్టి కనీసం రెండు నిమిషాలు ఆగాలి. రాత్రి కాపలాలో ఇంకో ప్రమాదం, పత్తిచేనులో కదిలిందల్లా పందే అనుకోవడం. చప్పుడు మీద కాల్చొద్దు, టార్చి వేసి ఒంటి ఆకారం నిండుగా కనబడితే తప్ప వేలు మీట మీద పెట్టొద్దు. పక్క చేనులో ఆ రాత్రి ఎవరెవరు పండుకుంటున్నారో చీకటి పడకముందే మాట్లాడుకోవాలి. పాయింట్ 22 రైఫిల్ చిన్నదే అనుకుంటారు గానీ దాని తూటా రెండు కిలోమీటర్ల దాకా పోగలదు. దానికి చేను గట్టు తెల్వదు.

లైసెన్సు దొరకలేదని కొందరు కరెంటు తీగ పరుస్తారు, కొందరు నాటుబాంబులు పెడతారు. కరెంటు తీగకు పందికంటే ముందు పొద్దున మోటారు వేయడానికి పోయిన మనిషే చిక్కవచ్చు. నాటుబాంబుకు బర్రెల దవడలు పగులుతాయి. పైగా దానికి 1908 నాటి పేలుడు పదార్థాల చట్టం వేరే వర్తిస్తది. సోలార్ ఫెన్సింగ్ సంగతి వేరు: అది కరెంటును ఆపి ఆపి, చిన్న చిన్న దెబ్బలుగా వదులుతుంది, జంతువు బెదిరి మళ్లుతుంది. దాని యంత్రాన్ని పక్కనపెట్టి నేరుగా ఇంటి కరెంటు తగిలిస్తే మాత్రం అది ఫెన్సింగ్ కాదు, ఉరి.

తుపాకీ మీట విరిగితే చాలామంది కమ్మరి కొలిమికి పోతారు. మరమ్మతుకు కూడా లైసెన్సు ఉండాలి. లేకుండా బాగుచేసినా, గొట్టం కోసి పొట్టి చేసినా 2019 తర్వాత కనీస శిక్ష ఏడేళ్లు, యావజ్జీవం దాకా పోవచ్చు. తయారుచేసినవాడికి ఎంతో అతికినవాడికీ అంతే. ఆ కమ్మరి పెద్దమనిషికి ఇది చెప్పేవాళ్లు ఉండరు. లైసెన్సు లేని తుపాకీ ఇంట్లో పెట్టుకుంటే రెండు నుంచి ఐదేళ్లు. అసలైన లైసెన్సుదారు తన తుపాకీని కొడుకుతో మరమ్మతుకు పంపాలన్నా తన సంతకంతో రాతపూర్వక అనుమతి ఇచ్చి పంపాలి.

పిల్లలు ఆడుకునే గాలి తుపాకీలకు, పాయింట్ 177 బోరు (గొట్టం లోపలి వెడల్పు), ఇరవై జౌళ్ల శక్తి దాటకుంటే, లైసెన్సు అక్కర్లేదు. కన్ను పోవడానికి ఆ శక్తి చాలు.

పెండ్లి బారాత్‌లో గాల్లోకి కాల్చడం గురించి ఎక్కువ చెప్పను. పైకి పోయింది కిందికి రావాల్సిందే, డీజే మోతలో ఎవరికి తగిలిందో కూడా తెల్వదు. ఇతరుల ప్రాణానికి ముప్పు తెచ్చేటట్టు సంబరంగా కాలిస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మామ తుపాకీ పట్టుకొని రీల్ తీసిన అల్లుడికి తెలియాల్సింది ఇంకోటి. జనంలో తుపాకీ ఝుళిపించడం నిబంధనలకు విరుద్ధం. ఆ వీడియో ఆధారంగా రద్దయ్యేది మామ లైసెన్సు.

ఇంట్లో తుపాకీ తూటాలు తీసి, తాళం వేసిన పెట్టెలో ఉండాలి. తూటాలు ఇంకో చోట, ఇంకో తాళంలో. రెండు తాళంచెవులూ ఒకే మొలతాడుకు కట్టుకుంటే లాభం లేదు. తాళాలెందుకంటే దొంగల కోసం కొంత, ఇంట్లోవాళ్ల కోసం ఎక్కువ. అప్పుల బాధ, పంచాయితీలో అవమానం, తాగుడు, భార్యాభర్తల కొట్లాట, వీటిలో మనిషికి వచ్చే ఆవేశం చాలాసార్లు ఒక రాత్రి గడిస్తే దిగుతుంది. చేతికందే దూరంలో తుపాకీ ఉంటే ఆ రాత్రి గడవదు. ఇంట్లో ఎవరైనా చస్తానంటున్నా, చంపుతానంటున్నా ఆ మాటను తాగిన మాట అని కొట్టిపారేయొద్దు. ముందు తుపాకీని ఇంట్ల నుంచి బయటికి పంపండి, అంటే లైసెన్సుదారే తీసుకుపోయి స్టేషన్‌లోనో లైసెన్సు ఉన్న ఆయుధాల దుకాణంలోనో జమచేయాలి. లైసెన్సుదారే బెదిరిస్తుంటే భార్య అయినా, తమ్ముడైనా కలెక్టరుకు అర్జీ పెట్టొచ్చు. ప్రజా భద్రత కోసం లైసెన్సును నిలిపివేసే, రద్దుచేసే అధికారం ఆయుధాల చట్టం సెక్షన్ 17 కింద ఆయనకు ఉంది. అర్జీలో తేదీలు, అన్న మాటలు, విన్నవాళ్ల పేర్లు రాయండి. ‘మంచోడు కాదు’ అని రాస్తే ఆ ఫైలు కదలదు. అప్పటికప్పుడు ప్రమాదమైతే 100కో 112కో ఫోన్ చేయండి. మనసు బాగలేనివాళ్లతో మాట్లాడించడానికి టెలీమానస్ నంబరు 14416 ఉంది.

ఎవరికైనా గుండో రవ్వలో తగిలితే శుభ్రమైన గుడ్డతో గాయం మీద గట్టిగా అదిమిపట్టి, చెయ్యి తీయకుండా 108 వచ్చేదాకా ఉంచాలి. రవ్వలు గోటితోనో చిమటాతోనో తీయొద్దు, నీళ్లు తాగించొద్దు. పోలీసు కేసు అని ఆసుపత్రి వెనక్కి పంపడానికి లేదు. ముందు వైద్యం, తర్వాతే కాగితాలు అని 1989లోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఈ సభలో పిల్లలను అమెరికా పంపిన తల్లిదండ్రులు కూడా కనబడుతున్నారు. అక్కడ తుపాకీ రాజ్యాంగ హక్కు, ఇక్కడ ప్రభుత్వం ఇస్తేనే లైసెన్సు. కానీ స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ కలిగి ఉండటాన్ని అక్కడి ఫెడరల్ చట్టమే నిషేధిస్తుంది, వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప. రూమ్మేట్ తుపాకీ జోలికి పోవద్దని ఫోన్‌లో ఒకమాట చెప్పండి.

చివరగా, తాత పోయినంక అటక మీద మిగిలిన తుపాకీ. లైసెన్సుదారు చనిపోయిన రోజుతోనే ఆ లైసెన్సు పనైపోయింది. కర్మకాండ ముగిసేదాకా, అన్నదమ్ముల పంపకం తేలేదాకా అని ఆగొద్దు. ఆలస్యం చేయకుండా దగ్గరి స్టేషన్‌లోనో లైసెన్సు ఉన్న దుకాణంలోనో జమచేయాలి. వారసుల్లో ఒకరికి కావాలంటే తన పేరు మీద కొత్తగా దరఖాస్తు చేసుకోవచ్చు, మిగిలినవాళ్ల అభ్యంతరం లేదన్న కాగితంతో. నిజానికి అందాక ఆగనక్కర్లేదు. లైసెన్సుదారుకు డెబ్బై ఏళ్లు నిండినా, ఆ తుపాకీ ఇరవై ఐదేళ్లు తన దగ్గరున్నా, బతికుండగానే వారసుడి పేరు మీద మార్పించే వీలును నిబంధనలు ఇచ్చాయి. ఎవరికీ వద్దనుకుంటే, జమచేసినంక కూడా లైసెన్సు ఉన్న ఇంకొకరికి అమ్మే హక్కు మీదే. అయితే గడువు దాటితే ప్రభుత్వం స్వాధీనం చేసుకుంటది. ఒక మనిషికి గరిష్ఠంగా రెండే తుపాకీలని 2019 సవరణ చెప్పింది. అంతకుముందు మూడు ఉండేవి.

అటక మీద దొరికింది అసలు లైసెన్సే లేని బర్మారు అయితే దాన్ని వాగులో పారేయొద్దు, పాతిపెట్టొద్దు, సుత్తితో ముక్కలు చేయబోవద్దు, లోపల మందు ఉండొచ్చు. తీసిచ్చినోళ్లకు కేసు ఉండదని చట్టంలో ఎక్కడా రాసిలేదు, అట్లని నేను హామీ ఇవ్వలేను. కానీ లైసెన్సు లేని ఆయుధం కేసులో ప్రాసిక్యూషన్‌కు జిల్లా మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి కావాలి, దాచినవాడికీ తానే వచ్చి చెప్పినవాడికీ తేడా ఆ ఫైలులోనే తేలుతుంది. కాబట్టి దాన్ని ఉన్నచోటే వదిలి, ఆ గదికి తాళం వేసి, వకీలుతో స్టేషన్‌కు పోయి రాతపూర్వకంగా చెప్పండి. ఎక్కడ, ఎప్పుడు, ఎట్ల దొరికిందో రాయండి. పోలీసులు వచ్చి తీసుకుపోయేటప్పుడు పంచనామాలో ‘కుటుంబమే సమాచారం ఇచ్చింది’ అన్న మాట పడిందో లేదో చదివి సంతకం పెట్టండి. తుపాకీ మీద నంబరు ఉంటే ఆ నంబరు, లేకుంటే లేదన్న సంగతి, గొట్టం పొడవు రాసిన రసీదు చేతికి వచ్చేదాకా స్టేషన్ నుంచి కదలొద్దు.