బాగున్న రోజునే రాయించుకోవాల్సిన కాగితం

నమస్తే అండి. నా వెనక ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది చూడండి, మూడు రంగుల్లో గీతలు గీసి, చేత్తో రాసినది. ఉబ్బసం ముదిరితే ఎప్పుడు ఏం చెయ్యాలో ముందే రాసిపెట్టుకున్న ప్లాన్ అది. ఈరోజు మాటంతా దాని గురించే.

నాకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం. రెండేళ్ల కింద సంక్రాంతికి ముందు ఇల్లు దులిపాం. దిల్‌సుఖ్‌నగర్‌లో మెయిన్ రోడ్డుకు దగ్గర్లో ఇల్లు కదా, అటక మీద ఏడాది దుమ్ము. ఆ రాత్రి రెండింటికి లేచి కూర్చున్నాను. పడుకుంటే ఊపిరి ఆడదు, ఛాతీలో పిల్లికూతలు. అమ్మ వేడినీళ్లు తెచ్చింది, వీపు నిమిరింది, తమ్ముడేమో ఆసుపత్రికి పోదాం అక్కా అంటాడు, నేను కాసేపు చూద్దాంరా అంటాను, ఇలా చూస్తూ చూస్తూ అయిదయింది. ఊపిరాడనప్పుడు పీల్చే నీలం ఇన్‌హేలర్ ఎన్నిసార్లు కొట్టుకున్నానో లెక్కే లేదు. చివరికి ఆటోలో ఎమర్జెన్సీకి వెళ్లాం.

అక్కడ డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, ఎన్ని రోజుల నుంచి తేడాగా ఉంది అని. ఈ రాత్రే మొదలైంది మేడమ్ అన్నాను. ఆలోచిస్తే అది నిజం కాదు. అంతకు ముందు నాలుగు రాత్రులు దగ్గుతో మెలకువ వచ్చింది, మెట్లెక్కితే మధ్యలో ఆగాల్సి వచ్చింది. ఉబ్బసం చాలాసార్లు ముందే చెప్పి వస్తుంది, మనమే చలికాలం దగ్గులే అని వదిలేస్తాం. పైగా అర్ధరాత్రి ఊపిరి అందనప్పుడు ఏం చెయ్యాలో ఆలోచించే శక్తి మనకుండదు, ఇంట్లోవాళ్లకు టెన్షన్‌లో ఏమీ తోచదు. అందుకే ఆ నిర్ణయాలన్నీ బాగున్న రోజున, డాక్టర్ ఎదుట కూర్చుని ముందే రాయించుకోవాలి. ఆ కాగితం అదే.

దాన్లో నా నంబర్ ఒకటుంది, 400. పీక్ ఫ్లో మీటర్ అని చిన్న ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది, నిలబడి, గుండె నిండా గాలి పీల్చి, ఒక్క ఊపున ఊదితే ముల్లు ఎక్కడిదాకా పోయిందో చూపిస్తుంది. మూడుసార్లు ఊది అందులో పెద్దది రాసుకోవాలి. ఉబ్బసం అదుపులో ఉన్నప్పుడు రెండు మూడు వారాలు రోజూ ఊదితే మీ బెస్ట్ ఎంతో తెలుస్తుంది. నాది నిమిషానికి 400 లీటర్లు. మీది వేరే ఉంటుంది, ఎత్తు, వయసు, ఆడా మగా అన్నదాన్ని బట్టి మారుతుంది, కాబట్టి నా కాగితం కాపీ కొట్టకండి. బెస్ట్‌లో 80 శాతం పైన, అంటే నాకు 320 దాటితే ఆకుపచ్చ, రోజూ వాడే మందు మామూలుగా తీసుకుని పనికి పోవడమే. 320కీ 200కీ మధ్య పడితే పసుపు. అప్పుడు ఏ మందు ఎంత పెంచాలి, ఎన్నాళ్లు పెంచాలి, తగ్గకపోతే ఎప్పుడు ఫోన్ చెయ్యాలి, అన్నీ రాసి ఉన్నాయి. 200 కంటే దిగితే ఎరుపు. మీటర్ లేకపోయినా లక్షణాలతోనే ప్లాన్ రాయించుకోవచ్చు. రాత్రి దగ్గుతో లేవడం, నీలం ఇన్‌హేలర్ వారంలో రెండుసార్లకు మించి అవసరం పడటం, ఈ రెండూ ఉబ్బసం అదుపు తప్పుతోందనడానికి గుర్తులే.

ఆ నీలం దాని గురించి గట్టిగా చెప్పాలి. అది సాల్బ్యుటమాల్, బిగుసుకున్న గాలిగొట్టాలను కాసేపు వదులు చేస్తుంది, అంతే. లోపలి వాపు అలాగే ఉంటుంది. వాపు తగ్గించేది రోజూ తీసుకునే స్టెరాయిడ్ ఇన్‌హేలర్. హాయిగా ఉందని దాన్ని మానేసి నీలం దాని మీదే బండి లాగించడం నేను ఏళ్ల తరబడి చేసిన తప్పు. ఉబ్బసం చికిత్సకు ప్రపంచమంతా చూసే జీనా మార్గదర్శకాలు కూడా 2019 నుంచి పెద్దవాళ్లకు సాల్బ్యుటమాల్ ఒక్కటే సరిపోదని చెప్తున్నాయి. కొందరికి రెండు పనులూ చేసే బ్యుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలర్ ఇస్తారు, మీకేది సరిపోతుందో డాక్టర్‌ని అడగండి.

పక్కింటి పిన్నిగారు మొన్న కూడా అన్నారు, ఇన్‌హేలర్ మొదలుపెడితే అలవాటైపోతుంది, బిళ్ల వేసుకో అమ్మా అని. ప్రేమతోనే అన్నారు. కానీ లెక్క చూడండి, సాల్బ్యుటమాల్ బిళ్ల ఒకటి 4 మిల్లీగ్రాములు, ఇన్‌హేలర్ ఒక్కసారి నొక్కితే వచ్చే పఫ్ 100 మైక్రోగ్రాములు, అంటే నలభయ్యో వంతు. బిళ్ల రక్తంలో కలిసి ఒళ్లంతా తిరిగి గుండె దడ, చేతుల వణుకు తెస్తుంది, పఫ్ చాలావరకు కావాల్సిన చోటుకే పోతుంది. పోవాలంటే మాత్రం ఇన్‌హేలర్ మూతికి స్పేసర్ అనే బోలు గొట్టం పెట్టుకోండి. బాగా కుదిపి, ఊపిరి వదిలి, ఒక్క పఫ్ నొక్కి, మెల్లగా పీల్చి పది సెకన్లు బిగబట్టాలి. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ అయితే తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నాలుక మీద తెల్లపూత రావచ్చు.

మన హైదరాబాద్‌లో చేప ప్రసాదం మాట రాకుండా ఉబ్బసం మాట పూర్తి కాదు. జూన్ మొదట్లో మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బతికున్న కొర్రమీను నోట్లో మందు పెట్టి మింగిస్తారు. నన్ను నాన్న మూడేళ్లు తీసుకెళ్లారు, ఎండలో గంటల తరబడి భుజం మీద మోశారు. ఆ నమ్మకాన్ని నేను చిన్నచూపు చూడను. కానీ దానితో ఉబ్బసం నయమవుతుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు, కాబట్టి వెళ్లేవాళ్లు వెళ్లినా ఇన్‌హేలర్ మాత్రం ఒక్కరోజు కూడా ఆపొద్దు.

నాకు పడనివి కూడా కాగితం వెనక రాసుకున్నాను. దులపడం, దీపావళి పొగ, దోమల కాయిల్, సాంబ్రాణి, ఎండుమిరపకాయల తాలింపు ఘాటు. ఇప్పుడు దులిపే రోజున నేను ఇంట్లో ఉండను, దుప్పట్లు వారానికోసారి వేడినీళ్లలో ఉతుకుతాం. మీ జాబితా మీదే, ఒక నెల రాసుకుంటూ పోతే తేలుతుంది.

ఇక ఎరుపు. వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోవడం, పెదాలు నీలంగా మారడం, డొక్కలు ఎగరేయడం, ఇవి కనిపిస్తే మీటర్ వెతుక్కోవద్దు. కూర్చోబెట్టి, స్పేసర్‌తో ఒక్కో పఫ్ ఇస్తూ 108కి ఫోన్ చెయ్యండి. కాసేపు చూద్దాం అనే మాట ఆ గడిలో లేదు.

డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లు ఎర్రగడ్డ ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రికి వెళ్లొచ్చు, ఊపిరితిత్తుల డాక్టర్లు అక్కడుంటారు. వెళ్లినప్పుడు మీ ఇన్‌హేలర్లన్నీ సంచిలో వేసుకెళ్లి, వాడి చూపించి, నాకు ప్లాన్ కాగితం మీద రాసివ్వండి అని నోరు తెరిచి అడగండి. మా ఇంట్లో దాని ఫోటో అమ్మ ఫోన్లో ఉంది, తమ్ముడి ఫోన్లో ఉంది, అమ్మకు అక్షరాలు చిన్నగా కనిపిస్తాయని 108 ఒక్కటీ స్కెచ్ పెన్నుతో పెద్దగా రాశాం.