పాత బండి కొండెక్కాలంటే: వెనక రెండు పళ్ళు పెంచుదాం

నమస్కారం. ఇది పర్లాకిమిడిలో మా ఇంటి పెరడు. కెమెరా పట్టుకున్నది మా తమ్ముడు. ఈ బండి మా నాన్నది. హీరో హోండా పేరుతో వచ్చిన పాత నూరు సీసీ బండి, ఇంజన్ సరిగ్గా చెప్పాలంటే 97.2 సీసీ. ఊళ్ళో తిరగడానికి దీనికి ఏ లోటూ లేదు. ఆర్. ఉదయగిరి వైపు కొండెక్కేటప్పుడే కష్టం. జీడిపిక్కల బస్తా ఒకటి వెనక ఉంటే చాలు, మూడో గేరులో ఆయాసపడుతుంది, రెండో గేరులోకి దించితే గొంతు చించుకుంటుంది.

బండిని మార్చుకోవడం అనగానే చాలామంది మొదట సైలెన్సర్ మీద చెయ్యి వేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఈ బండికి కావలసింది మోత కాదు, లాగుడు. అది వెనక చక్రానికున్న స్ప్రాకెట్‌లో, అంటే చైను తిరిగే పళ్ళ చక్రంలో ఉంది.

తమ్ముడూ, ఇటు దగ్గరగా చూపించు. ముందు స్ప్రాకెట్‌కు 14 పళ్ళు, వెనకదానికి 42. అంటే ముందుది మూడు చుట్లు తిరిగితే వెనక చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. వెనక 44 పళ్ళది వేస్తే ఆ మూడు చుట్లు 3.14 అవుతాయి. లాగుడు సుమారు 5 శాతం పెరుగుతుంది. వేగం ఆ మేరకు తగ్గుతుంది, ఇంతకుముందు 50లో వెళ్ళిన చోట ఇంజన్ అదే ఊపులో ఉంటే ఇప్పుడు 48 లోపే వెళ్తాం. ఐదు శాతమేనా అనిపిస్తుంది. కానీ మూడో గేరు ఇక నావల్ల కాదని చేతులెత్తేసే మలుపు ఒకటి ఉంటుంది చూడండి, అక్కడ ఆ కాస్తే ఒడ్డున పడేస్తుంది. దిగేటప్పుడూ లాభమే, గేరులో ఉన్న ఇంజన్ బండిని ఇంకొంచెం గట్టిగా పట్టి ఉంచుతుంది. అలాగని ఒకేసారి నాలుగైదు పళ్ళు పెంచకండి. చైను కవరుకు రాసుకుంటుంది, చదును రోడ్డు మీద ఇంజన్ ఊరికే అరుస్తుంది. మీ బండి పళ్ళు మీరే లెక్కపెట్టుకోండి, అన్ని బండ్లకూ ఒకే లెక్క ఉండదు.

విడిభాగాల మాట. పాత సామాన్ల కొట్లో నేను కొన్నది ఈ క్యారియర్ ఒక్కటే. వంగలేదు, అతుకులు పగలలేదు, తుప్పు గీకి రంగు వేశాను. హ్యాండిల్ గ్రిప్పులు, ఫుట్ రెస్టులు, మడ్‌గార్డులు కూడా పాతవి తీసుకోవచ్చు. చైను, స్ప్రాకెట్లు, బ్రేకు షూలు, బేరింగులు, కేబుళ్ళు మాత్రం పాతవి ఎంత చవకగా ఇచ్చినా వద్దు. ఇదిగో, మా పాత స్ప్రాకెట్ పళ్ళు చూడండి, కొడవలి మొనల్లా ఒక పక్కకు వంగిపోయాయి. దీని మీద కొత్త చైను వేస్తే ఆ చైను కూడా త్వరగా పాడవుతుంది. అందుకే చైను, రెండు స్ప్రాకెట్లు మూడూ కలిపి కొత్తవి కొన్నాను. కొట్లోనే పాతదాని మీద కొత్తదాన్ని పెట్టి బోల్టు రంధ్రాలు, మధ్య రంధ్రం సరిపోయాయో లేదో చూసుకోండి.

ఇక పని. సెంటర్ స్టాండు వేసి, చైను విప్పకముందే ముందు స్ప్రాకెట్ బోల్టులు వదులు చేయాలి. ఒకరు వెనక బ్రేకు తొక్కి పట్టుకుంటే స్ప్రాకెట్ తిరగదు. చైను విప్పేశాక ఆ పని చాలా ఇబ్బంది. తర్వాత చక్రం ఊడదీసి వెనక స్ప్రాకెట్ మార్చండి. ఆ నట్ల కింద మడత పెట్టిన రేకులు ఉంటాయి, ఉలితో నెమ్మదిగా విప్పి, బిగించాక మళ్ళీ నట్టు అంచుకు మడవాలి. ఆ మడతే నట్టును వదులు కాకుండా ఆపుతుంది.

ఇప్పుడు చైను రెండు కొసలనూ కలిపే లాకు. తమ్ముడూ, ఇంకా దగ్గరికి రా. ఈ చిన్న క్లిప్పుకు ఒక పక్క మూసి ఉంది, ఒక పక్క చీలిక ఉంది. చైను పైవరస ముందుకు కదులుతుంది కదా, మూసి ఉన్న పక్క ఆ కదిలే దిక్కునే ఉండాలి. తిరగేసి పెడితే దేనికైనా తగిలినప్పుడు ఊడిపోవచ్చు.

కింది వరస మధ్యలో వేలితో ఎత్తితే చైను రెండు నుంచి మూడు సెంటీమీటర్లు ఆడాలి. చక్రం తిప్పుతూ ఎక్కడ బాగా బిగుతుగా ఉందో అక్కడ చూడండి. చైను బిగువు సరిచేసే అడ్జస్టర్ గీతలు చక్రానికి రెండు పక్కలా సమానంగా ఉండాలి.

ఇక్కడితో పని అయిపోయిందనుకుని నేను మొదటిసారి పెద్ద పొరపాటు చేశాను. మా చైను 428 రకం, లింకు పొడవు 12.7 మిల్లీమీటర్లు. వెనక రెండు పళ్ళు పెరిగితే చక్రం ఆరేడు మిల్లీమీటర్లు ముందుకు జరుగుతుంది. పాత చైను సాగి ఉంటే ఇంకా ఎక్కువ. చక్రం ముందుకు వస్తే, పెడల్ నుంచి వెనక చక్రానికి వెళ్ళే బ్రేకు కడ్డీ వదులవుతుంది. నేను అది చూసుకోలేదు. దిగుడులో పెడల్ తొక్కితే కాలు కిందికి దిగిపోయింది, బ్రేకు పట్టలేదు. ముందు బ్రేకు, రెండో గేరు నన్ను కాపాడాయి. అందుకే కడ్డీ చివర ఉన్న ఈ నట్టు బిగించండి. పెడల్ రెండు మూడు సెంటీమీటర్లు ఖాళీగా కదిలి, ఆపైన పట్టాలి. వదిలితే చక్రం రాసుకోకుండా తిరగాలి.

క్యారియర్ కోసం శారీ గార్డునూ వెనక కూర్చున్నవాళ్ళు పట్టుకునే పిడినీ తీసేయకండి, అవి నిబంధనల ప్రకారం ఉండవలసినవే. ఫ్రేము కోయడం, ఇంజన్ మార్చడం జోలికి అసలు వెళ్ళకండి. మోటారు వాహనాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత, చట్టం ఒప్పుకోని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడవచ్చు. ఏ మార్పు మీదైనా అనుమానం ఉంటే ముందే రవాణా కార్యాలయంలో అడగండి.

నాన్నా, తాళం తీసుకోండి. ఈరోజు బస్తా వద్దు, ఖాళీ బండి మీద మహేంద్రతనయ నది ఒడ్డు దాకా వెళ్ళి రండి. రాగానే నట్లన్నీ ఇంకోసారి పట్టి చూస్తాను.