పుండు మానింది, జబ్బు మానలేదు

(ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంల శిక్షణ కార్యక్రమంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

బస్టాండు గోడల మీద, రైలు పట్టాల పక్కనున్న ప్రహరీల మీద ‘సుఖవ్యాధులకు గ్యారంటీ వైద్యం’ అనే రాతలను మీరందరూ చూసే ఉంటారు. ఫలానా తేదీన ఫలానా లాడ్జీలో డాక్టరు గారు ఉంటారని దాని కింద రాసి ఉంటుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్షలూ మందులూ ఉచితంగా దొరుకుతుండగా, అప్పు చేసి మరీ ఆ లాడ్జీ మెట్లు ఎందుకు ఎక్కుతారన్నది మనం ఆలోచించవలసిన విషయం. తెలియకపోవడం వల్ల అని సరిపెట్టుకోవడం తేలికే గాని, చదువుకున్నవారు కూడా అక్కడికే వెళ్తున్నారు. లాడ్జీలో వరుసలో నిలబడితే పక్కింటాయన కనిపించడు, ‘పెళ్లయినవాడివి, ఇదేం బుద్ధి’ అని అడిగేవారూ ఉండరు. మన దగ్గర దొరకని మర్యాదను వారు అక్కడ డబ్బిచ్చి కొనుక్కుంటున్నారు.

ఆ వైద్యానికి పేరు ఎలా వస్తుందో తెలియాలంటే సిఫిలిస్ అనే సుఖవ్యాధి నడక తెలియాలి. ఈ జబ్బును కలిగించే క్రిమిని 1905లో జర్మనీలో షాడిన్, హాఫ్‌మన్ అనే శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ఆ జబ్బు పెన్సిలిన్‌తో నయమవుతుందని 1943లో తేలింది. క్రిమి సోకిన సుమారు మూడు వారాలకు మర్మాంగం మీద ఒక పుండు లేస్తుంది. చాలామందిలో అది నొప్పి పెట్టదు. మందేమీ వాడకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో దానంతటదే మానిపోతుంది. ఈ లోగా రోగి లాడ్జీ వైద్యుడిచ్చిన లేహ్యం తింటూ ఉంటాడు కనుక, పుండు మానిన కీర్తి లేహ్యానికి దక్కుతుంది. మరికొన్ని వారాలకు అరచేతుల్లో, అరికాళ్లలో దురద లేని మచ్చలు వచ్చి, అవి కూడా వాటంతటవే పోతాయి. క్రిమి మాత్రం ఒంట్లోనే ఉండి, వైద్యం అందని కొందరిలో ఏళ్ల తరువాత గుండెను, మెదడును దెబ్బతీస్తుంది. గోడ మీద రాసిన ఆ ‘గ్యారంటీ’ని నిలబెడుతున్నది నిజానికి జబ్బు స్వభావమే.

ఇక మీకు రోజూ ఎదురయ్యే సంగతికి వస్తాను. గర్భిణికి హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు చేయాలని మీరు చెప్పగానే, ‘మా కోడలు అలాంటిది కాదమ్మా’ అని అత్తగారు అంటుంది. ఆమె మాట నిజమే కావచ్చు. భర్తను తప్ప మరొకరిని ఎరగని స్త్రీకి కూడా భర్త నుంచి జబ్బు సోకవచ్చు, ఆ భర్తకు సోకింది పెళ్లికి ముందే కావచ్చు. కాబట్టి అత్తగారితో కోడలి గుణగణాల గురించి వాదనకు దిగకండి. గర్భిణులందరికీ చేసే పరీక్షేనని, బిడ్డ కోసమేనని చెప్పండి. తొలి దశలో ఉన్న సిఫిలిస్ బయటపడితే సాధారణంగా 24 లక్షల యూనిట్ల బెంజథీన్ పెన్సిలిన్‌ను, సగం ఒక పిరుదుకు, సగం రెండో పిరుదుకు, ఒక్కసారి ఇస్తే సరిపోతుంది. సమయానికి ఆ మందు పడకపోతే బిడ్డ కడుపులోనే చనిపోవచ్చు, లేదా జబ్బుతోనే పుట్టవచ్చు.

తెలుగునాట ఈ విషయాలను నలుగురిలో మాట్లాడటం మొదలైంది పులిరాజా అనే కల్పిత పాత్రతో ఎయిడ్స్ ప్రచారానికి పెట్టిన ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అనే హోర్డింగులతోనే అని చెప్పవచ్చు. ఆ మేలును నేను కాదనను. అయితే ఇవి పులిరాజా వంటి మగవాళ్లకు వచ్చే జబ్బులన్న అభిప్రాయం కూడా అప్పుడే బలపడిందని, ఇంటిపట్టున ఉండే ఆడవాళ్లు ఆ లెక్కలోంచి జారిపోయారని నాకనిపిస్తుంది. క్లామిడియా, గనేరియా అనే సుఖవ్యాధులు స్త్రీలలో చాలామందికి ఏ లక్షణమూ చూపవు, అలా ఉంటూనే గర్భనాళాలను పాడుచేయవచ్చు. కొన్నేళ్లకు పిల్లలు పుట్టలేదన్న నింద పడేది కూడా ఆమె మీదనే.

దీనికి పూర్తిగా ఎదురు పొరపాటు కూడా ఉంది. తెల్లబట్ట అవుతున్నదనగానే అనుమానించే భర్తలున్నారు. కొంత స్రావం ప్రతి స్త్రీకీ సహజం. గర్భంతో ఉన్నప్పుడు, షుగరు ఉన్నప్పుడు, యాంటీబయాటిక్స్ వాడినప్పుడు వచ్చే ఫంగస్ ఇన్‌ఫెక్షన్ సుఖవ్యాధుల్లోకి రాదు. హెర్పిస్ సుఖవ్యాధే అయినా, సోకిన ఏళ్ల తరువాత కూడా మొదటిసారి పొక్కులుగా బయటపడవచ్చు. జబ్బు ఉందో లేదో పరీక్ష చెబుతుంది గాని, ఎప్పుడు, ఎవరి వల్ల వచ్చిందో చాలా సందర్భాల్లో చెప్పలేదు. రిపోర్టు చేతికి రాగానే మొదలయ్యే తగవుల్లో ఈ ఒక్క మాట మీరు చెప్పగలిగితే ఎంతో మేలు.

మిగిలిన అపోహలను క్లుప్తంగా చెబుతాను. మరుగుదొడ్డి సీటు వల్ల, కలిసి భోంచేయడం వల్ల సిఫిలిస్, గనేరియా, హెచ్‌ఐవీ అంటుకోవు. మూత్రంలో మంటతో చీము పడుతుంటే ‘వేడి చేసింది’ అని మజ్జిగ తాగి ఊరుకోకూడదు. కన్యతో కలిస్తే జబ్బు పోతుందన్న మాట పచ్చి అబద్ధం మాత్రమే గాక, ఆడపిల్లల పాలిట ఘోరం కూడా.

భార్యాభర్తల్లో ఒక్కరికే వైద్యం జరిగితే రెండోవారి నుంచి జబ్బు తిరిగి రావచ్చు. ‘మా ఆవిడకు చెప్పకండి మేడమ్’ అని బతిమాలే మనిషిని కసిరితే మళ్లీ కనిపించడు; ఆమెకు వైద్యం అందకపోతే ఆయనకూ నయం కాదని నెమ్మదిగా వివరిస్తే, చాలాసార్లు తానే వెంటబెట్టుకుని వస్తాడు. ఓపీ చీటీ మీది జబ్బు పేరును నలుగురిలో పైకి చదవకండి. హెచ్‌ఐవీ విషయంలోనైతే గోప్యతకు 2017లో చేసిన చట్టమే ఉంది, అది 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులోకి వచ్చింది. ఎవరికీ ముఖం చూపడం ఇష్టం లేనివారికి ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097 నంబరు ఇవ్వండి, ఆ ఫోనుకు ఖర్చు కాదు. మీ జిల్లా ఆసుపత్రిలో సుఖవ్యాధులకు వైద్యం చేసే సురక్ష క్లినిక్ ఏ గదిలో ఉందో, ఏ వేళల్లో తెరిచి ఉంటుందో ఈ పూటే కనుక్కుని వెళ్లండి. రేపు అడిగేవారు ఆ దారిని పదిమందిని వాకబు చేసుకోలేరు.