కీళ్లవాతం మాత్రా? అది పుట్టిందే క్యాన్సర్ పరిశోధనలో!

నమస్కారం. తిరుపతి, చిత్తూరు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ఆ వాయిస్ మెసేజ్ మీరు వినే ఉంటారు. "బ్లడ్ క్యాన్సర్ బిడ్డకు ముసలివాళ్ల కీళ్లవాతం మాత్ర రాశారు, వేయకండి" అని. ఆ మాట నమ్మి మాత్ర ఆపితే దెబ్బ తినేది ఆ బిడ్డ కిడ్నీలు!

దాని పేరు అల్లోప్యూరినాల్. కీళ్లవాతంలో గౌట్ అనే రకానికి వాడే మాట నిజమే. అక్కడా ఇక్కడా శత్రువు ఒకటే, యూరిక్ ఆమ్లం. లుకేమియా (బ్లడ్ క్యాన్సర్), లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) ఉన్న బిడ్డకు కీమో మొదలుపెట్టగానే క్యాన్సర్ కణాలు కోట్ల కొద్దీ ఒక్కసారిగా పగలవచ్చు. వాటిలోని చెత్తంతా రక్తంలో పడుతుంది. దాన్నుంచి తయారయ్యే యూరిక్ ఆమ్లం కిడ్నీ గొట్టాల్లో గడ్డకడితే మూత్రం ఆగిపోతుంది. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. ఈ మాత్ర ఆ ఆమ్లం తయారయ్యే దారిని మూస్తుంది. అప్పటికే తయారైనదాన్ని మాత్రం తీసేయలేదు. అందుకే కీమోకు ముందే మొదలుపెట్టి, సెలైన్ ఎక్కిస్తూ ఇస్తారు. ముందే! ముప్పు మరీ ఎక్కువైతే, ఉన్న ఆమ్లాన్ని కూడా విరగ్గొట్టే రాస్బ్యురికేజ్ ఇంజెక్షన్ ఉంది, దాని ఖరీదు వింటే గుండె జారిపోతుంది.

ఇది కూడా వినండి. గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ అనే అమెరికా శాస్త్రవేత్తల బృందం ఈ మందును మొదట పరీక్షించింది కీళ్ల కోసం కాదు. లుకేమియాకు ఇచ్చే మెర్కాప్టోప్యూరిన్ ఒంట్లో త్వరగా విరిగిపోకుండా ఆపాలని! కీళ్లవాతం తరువాత వచ్చింది. 1988 నోబెల్ బహుమతిలో ఆ ఇద్దరికీ వాటా దక్కింది. ఆ రెండు మాత్రలూ కలిస్తే మెర్కాప్టోప్యూరిన్ మోతాదు బాగా తగ్గించాలి కాబట్టి, బిడ్డ వేసుకునే ప్రతి మాత్రా డాక్టరుకు చూపించండి. ఒంటిమీద దద్దుర్లు వచ్చినా వెంటనే చెప్పండి.

చిత్తూరు బస్టాండులో వేలూరు బస్సు కోసం నిలబడిన ఒక తల్లిని చూశాను. చెంగున ముడివేసిన మాత్రలు విప్పి చూపించి, "అన్నా, షాపులో ఇది మోకాళ్ల నొప్పులకన్నారు, రెండు రోజులుగా వేయలేదు" అంది. నాకు ఒళ్లు మండిపోయింది, ఆమె మీద కాదు. ఆమె చేతిలోని మందుల చీటీలో ఒక్క తెలుగు అక్షరం లేదు! వాయిస్ మెసేజ్ పంపినవాడికన్నా ఆ చీటీదే పెద్ద తప్పని నా నమ్మకం. డాక్టర్లూ, మాత్ర పేరు పక్కన "ఇది కిడ్నీల కోసం" అని రాయండి. మూడు మాటలు! అవి ఉంటే ఆ తల్లి షాపువాడి మాట వినేదా?

నేను అక్కడే ఆమె డాక్టరుకు ఫోను కలిపించాను. మాట్లాడుతూ మాట్లాడుతూనే ఆ తల్లి బిడ్డ కోసం నీళ్ల సీసా మూత తీసింది.